కొత్త తొడుగుల్లో కప్పలు

కప్పలొచ్చాయన్న కబురు అందేసరికి గువ్వ తను పనిచేసే పెయింట్ల షాపులో ఒక పెద్ద తెల్లరంగు డబ్బాలో పసుపు చుక్కలు దింపుతోంది. కౌంటరు మీద ఫోను బుర్రుమంది. ఆటవస్తువుల షాపు పిన్ని పంపిన మెసేజ్ అది. "అమ్మాయ్, నీటిపోరు కొత్త పెట్టెలు దిగాయి. ఈసారి కప్పలున్నాయి! మీ ఆయనకి ఇంకా చెప్పలేదు. ముందు నీకే."

గువ్వ చదివింది. మళ్ళీ చదివింది. పట్టలేక, కౌంటరు అవతల తన డబ్బా కోసం నిలబడ్డ పెద్దమనిషితో "కప్పలొచ్చాయండీ!" అనేసింది. ఆయన ఉలిక్కిపడి కాళ్ళ కిందికి చూసుకున్నాడు.

ఆ సంతోషం ఎంతటిదో తెలియాలంటే ముందు బావ సంగతి తెలియాలి. బావ అంటే గువ్వ మొగుడే. దూరపు చుట్టరికంలో బావ వరస కావడంతో చిన్నప్పటి పిలుపు పెళ్ళయ్యాక కూడా అలాగే ఉండిపోయింది. పెళ్ళి ఫొటోల ఆల్బం ఇంకా చేతికి రాలేదు. కానుకలుగా వచ్చిన గోడగడియారాలు బీరువాలో ఒకదాని మీద ఒకటి పడుకుని వేరువేరు టైములు చూపిస్తున్నాయి. బావ లిఫ్టులు బాగుచేసే కంపెనీలో పనిచేస్తాడు. వారమంతా పైకీ కిందికీ తిరిగి, ఆదివారం పొద్దున్నే తన కప్పల్ని డబ్బాలో పెట్టుకుని పిన్ని షాపు వెనక గదికి వెళ్తాడు.

నీటిపోరు అనేది కార్డులాట. ఎవరి కట్ట వాళ్ళే కూర్చుకోవాలి. కొందరు చేపలతో కూర్చుకుంటారు, కొందరు కొంగలతో. గెలవాలన్న వాళ్ళంతా పాములో మొసళ్ళో పట్టుకుంటారు. బావ మాత్రం స్కూలు రోజుల నుంచీ కప్పలే. కార్డులు అచ్చువేసే కంపెనీవాళ్ళు కప్పల సంగతి ఏనాడో మర్చిపోయారు. మిగతావాళ్ళ కట్టల్లో ఏటా కొత్త ముక్కలు చేరుతుంటే బావ మాత్రం ఆ అరిగిన ముసలి కప్పలతోనే నెట్టుకొస్తున్నాడు. అందరి చేతిలోనూ ఓడిపోతాడు. ఓడిపోయి నవ్వుతూ ఇంటికొస్తాడు. షాపులో అతని పేరే కప్పలాయన.

అయినా ఆ గదిలో అతనికున్న మర్యాద ఇంకెవరికీ లేదు. ఒకసారి గెలిచే ఆటలో తను ఒక ముక్క ఎక్కువ తీసుకున్నట్టు తనే కనిపెట్టి, ఎదుటివాడు గమనించకపోయినా బయటపెట్టి, ఆట వదులుకున్నాడట. ఆ తర్వాత పిన్ని గోడకి ఒక కాగితం అంటించింది: "పేచీ వస్తే కప్పలాయన మాటే ఖాయం." పెళ్ళయ్యాక గువ్వ మొదటిసారి ఆ షాపుకి వెళ్ళినప్పుడు ఆ కాగితం చూసి, అది తన మొగుడి గురించేనని పక్కనున్నవాళ్ళకి పనిగట్టుకుని చెప్పి మరీ వచ్చింది.

అందుకని మర్నాడు సాయంత్రం పని అవగానే షాపుకి పరిగెత్తింది. పిన్ని పెట్టె విప్పి చూపించింది. కొత్త కప్పలు ఒక్కొక్కటీ కళ్ళు చెదిరేలా ఉన్నాయి. గడ్డం కింద గాలి నింపుకున్న బోదురుదొర. ఆకుని గొడుగులా పట్టుకున్న వానమ్మ. వీపు మీద పిల్లల్ని మోస్తున్న బురదరాణి. గువ్వ ఏరి ఏరి పక్కన పెట్టుకుంది.

"మరి తొడుగులో?" అంది పిన్ని. కార్డులు నలగకుండా ఒక్కో ముక్కకీ ఒక్కో పల్చటి ప్లాస్టిక్ తొడుగు వేస్తారు. ముందువైపు అద్దంలా ఉంటుంది, వెనకవైపు రంగుంటుంది. బావవి ఆకుపచ్చ.

గువ్వ చేతిసంచిలోంచి పాత తొడుగు ఒకటి తీసింది. బావ డబ్బా అడుగున ఖాళీగా పడి ఉంటే పొద్దున పట్టుకొచ్చి, మధ్యాహ్నమంతా తన కౌంటరులో షేడు చూసుకుంది. రంగులు కలపడమే ఆమె ఉద్యోగం. కెమిస్ట్రీ డిగ్రీ, ఆ పైన చూపులో ఒక వాటం. గోడ పెచ్చు గోరంత తెచ్చిచ్చినా అదే రంగు డబ్బాడు కలిపిచ్చేస్తుంది. పిన్ని దగ్గరున్న ఆకుపచ్చలన్నీ వరసగా పరిచి, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, కళ్ళు చికిలించి, చివరికి ఒక ప్యాకెట్టు పట్టుకుంది.

"ఇదే. వెంట్రుకవాసి తేడా లేదు."

"మొత్తం కట్టకి సరిపడా తీసుకో అమ్మాయ్. పాతవి తీసేసి అన్నిటికీ కొత్తవి వేసెయ్. సాధారణంగా అందరూ అలాగే చేస్తారు."

"ఎందుకు పిన్నీ? రంగు అచ్చంగా కలిసిందిగా. నా కన్ను తప్పదు. కొత్త కప్పలకే చాలు."

పిన్ని ఆ ఒక్క ప్యాకెట్టుకే బిల్లు వేసింది. ఆ గర్వం తర్వాత ఎక్కడ తగులుతుందో గువ్వకి అప్పుడు తెలియదు.

శనివారం బావ డ్యూటీలో ఉండగా ఆడపడుచు, గువ్వా మంచం మీద కట్ట పరిచి కూర్చున్నారు. ఆడపడుచు నర్సింగు చదువుతోంది, వీళ్ళతోనే ఉంటోంది. నోరు ఊరుకోదు.

"వదినా, మా అన్నయ్య జేబులో చెయ్యి పెట్టు, ఊరుకుంటాడు. ఫోను చూడు, ఊరుకుంటాడు. కప్పల జోలికెళ్తే మాత్రం నేను నిన్ను ఎరగను."

"నన్నేమీ అనడులే."

"అబ్బో! కొత్త మోజు కదా. వచ్చే ఏడు కూడా ఇదే మాట అను, చూస్తా."

"నువ్వు ముందు ఆ నాచు ముక్కలు లెక్కపెట్టవే తల్లీ."

కట్టలో కప్పలతో పాటు నాచు ముక్కలు కూడా ఉంటాయి. అవి కప్పలకి తిండి లాంటివి. అవి లేకపోతే కప్పలు కదలవు. గువ్వ అందులో బాగా బలహీనమైన ముసలి కప్పల్ని ఒక్కొక్కటే పక్కకి తీసి, రబ్బరుబ్యాండు వేసి జాగ్రత్తగా దాచి, వాటి స్థానంలో కొత్తవి ఎక్కించింది. ప్రతి కొత్త ముక్కనీ తొడుగులోకి జారుస్తున్నప్పుడు సర్రుమని చిన్న చప్పుడు. ఆ చప్పుడు ఆమెకి ఎంత నచ్చిందంటే, ఒకటి రెండు ముక్కల్ని ఊరికే బయటికి లాగి మళ్ళీ జార్చింది.

ఆదివారం పొద్దున్న బావ డబ్బా తెరిచాడు. మొదటి ముక్క చూశాడు. కుర్చీలో కూలబడ్డాడు. రెండోది చూశాడు. "బోదురుదొర!" అన్నాడు. ఒక్కొక్క కప్ప బొమ్మనీ దగ్గరగా పట్టుకుని, కింద రాసిన చిన్న అక్షరాలు పైకి చదివి, గువ్వ నుదుటిన ముద్దు పెట్టాడు. ఆడపడుచు గోడవైపు తిరిగి దగ్గింది. కట్టనంతా వెల్లకిలా పరిచి మురిశాడే గానీ, బోర్లా వేసి చూడలేదు. మామూలుగా అయితే చూసేవాడే. ఆ రోజు సంతోషం అలాంటిది, అప్పటికే ఆలస్యమైంది కూడా.

ముగ్గురూ కలిసి వెళ్ళారు. షాపు వెనక గదిలో పొడుగాటి బల్ల, పైన ట్యూబులైట్లు, మూలన జిరాక్సు మిషను. గువ్వ బావ పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. తను ఎక్కించిన కప్పలు ఎలా ఆడతాయో చూడకపోతే ఆమెకి నిద్ర పట్టదు.

కప్పలకి ఒక ప్రత్యేక విద్య ఉంది. దాన్ని గెంతు అంటారు. అందరూ కట్ట మీది ముక్క తీసి, చూసుకుని, ఆలోచించి ఆడతారు. కప్పలవాడు మాత్రం చూడకుండానే "గెంతు!" అని పైముక్కని తిన్నగా బల్ల మీద పడేయొచ్చు. అది పెద్ద కప్ప అయితే ఎదుటివాడి వరసంతా ఊడ్చుకుపోతుంది. నాచు అయితే తన కప్పల్లో మంచిదే పోతుంది. జూదం లాంటిదన్నమాట. బావ జాగ్రత్త మనిషి, ఎప్పుడో గాని గెంతడు.

మొదటి ఆట చేపల కట్టతో, ఒక కాలేజీ అమ్మాయితో. బావ మధ్యలో ఒకసారి గువ్వకి విసుగొస్తోందేమోనని పక్కకి చూశాడు. గువ్వ మొహం విప్పారి ఉంది. అతను కూడా నవ్వి, "గెంతు" అన్నాడు. బురదరాణి పడింది. చేపలన్నీ ఊడ్చుకుపోయాయి. గదిలో ఈలలు వేశారు.

రెండో ఆటలోనూ అదే వరస. అప్పుడే, పిన్ని కిటికీ రెక్క తెరిచినప్పుడు, పక్కనుంచి వచ్చిన వెలుతురు బోర్లా ఉన్న కట్ట మీద పడింది. పైముక్క నిగనిగలాడింది. బావ దాన్ని తీశాక దాని కింద ముక్క మసకగా, అరిగినట్టు ఉంది. ఆ తర్వాతది మళ్ళీ నిగనిగ.

గువ్వ ముందుకు వంగి చూసింది. రంగు కలిసింది. వెంట్రుకవాసి తేడా లేదు. కానీ పాత తొడుగులు ఏళ్ళ తరబడి చేతుల్లో నలిగి మెరుపు పోగొట్టుకున్నాయి, కొత్తవాటికి ఆ మెరుపు నిండుగా ఉంది. ఇంత సేపూ తను పైన మెరిసే ముక్క కనిపించినప్పుడల్లా 'అదిగో, నాది వస్తోంది' అని మురిసిపోతోందన్నమాట, ఎందుకో తనకే తెలియకుండా. పాత గోడ మీద ఒకచోట కొత్త పూత వేస్తే రంగు ఎంత కలిసినా మచ్చలా కనిపిస్తుందని, వేస్తే గోడంతా వేయించుకోండని రోజూ వచ్చేవాళ్ళకి చెప్పే మనిషి తనే. తల కొట్టేసినట్టయింది.

వెంటనే చెప్పాలి. నోరు తెరిచింది కూడా. కానీ అదే క్షణంలో రెండో ఆట గెలిచి బావ లేచి నిలబడ్డాడు. ఇన్నేళ్ళలో అతను ఆఖరాట దాకా రావడం అదే మొదలు. పిన్ని చప్పట్లు కొడుతోంది. ఆడపడుచు అన్న వీపు మీద దబదబా బాదుతోంది. బావ గువ్వ చెవిలో "నీ కప్పలే" అన్నాడు. ఆ రెండు మాటలతో గువ్వ నోట మాట నోట్లోనే ఉండిపోయింది. 'అతను వెనకవైపు చూడటం లేదుగా, చూడనప్పుడు మోసమెలా అవుతుంది?' అని తనకి తనే నచ్చజెప్పుకుంది. నచ్చజెప్పుకుంటూనే చేతిరుమాలు తీసి మూతికి అడ్డం పెట్టుకుంది.

ఆఖరాట డ్రైవింగు మాస్టారితో. పొద్దుటిపూట గువ్వకి కారు నేర్పేది ఆయనే. ఆయనది పాముల కట్ట. బావని చూసినప్పుడల్లా "రావయ్యా, మా పిల్లలు ఆకలి మీదున్నారు" అనడం ఆయన అలవాటు. ఆ రోజూ అన్నాడు. అందరూ నవ్వారు.

ఆట మొదలైంది. పాములు గబగబా వరస కట్టాయి. బావ కాసేపు మామూలుగా ఆడి, "గెంతు" అన్నాడు. వానమ్మ పడింది. ఇంకాస్సేపటికి మళ్ళీ "గెంతు". బోదురుదొర. సగం పాములు పోయాయి. మాస్టారు కార్డులు చూడటం మానేసి గువ్వని చూడటం మొదలుపెట్టాడు. గువ్వ రుమాలు గట్టిగా నొక్కుకుంది. బావ మళ్ళీ నోరు తెరవబోతుండగా మాస్టారు చాచిన అరచెయ్యి కట్ట మీద పడింది.

"ఆగు. గెంతు అనబోతున్నావు కదూ?"

"అవును మాస్టారూ."

"పైన కప్పే ఉంది. అవునా కాదా?"

"నాకేం తెలుసు?"

"నీకు తెలీదేమో. మీ ఆవిడకి తెలుసు." మాస్టారు కుర్చీ వెనక్కి జరిపాడు. "అమ్మాయ్, రోజూ పొద్దున్నే నీ పక్క సీట్లో కూర్చునేవాణ్ణి. గేరు తప్పు పడబోతోందంటే కారుకంటే ముందు నీ మొహం చెప్తుంది. మొదటి రెండాటల్లో నువ్వు నవ్వినప్పుడల్లా కప్ప పడింది. ఈ ఆటలో మూతికి రుమాలు ఎందుకు అడ్డం పెట్టావు?"

"జ... జలుబు," అంది గువ్వ.

"ఆఁ, జలుబే. కప్పలతో తిరిగితే పడుతుంది మరి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. పిన్ని వచ్చి కట్ట తీసుకుంది. ట్యూబులైటు కింద ముక్కలన్నీ బోర్లా పరిచి, అటూ ఇటూ తల వంచి చూసింది. తర్వాత వెనకవైపు మెరిసేవాటిని ఏరడం మొదలుపెట్టింది. ఒకటి, ఇంకొకటి, మరొకటి. ఏరినవన్నీ తిరగేసింది. అన్నీ కొత్త కప్పలే. ఒక్క నాచు ముక్క కూడా లేదు.

జిరాక్సు మిషను ఎందుకో తనంతట తను ఒకసారి గరగరమని ఊరుకుంది. కాలేజీ అమ్మాయి గోడ మీది కాగితం వైపు చూసి, చూసినందుకు తనే సిగ్గుపడ్డట్టు చూపు దించుకుంది.

"అది మా వదిన..." అని మొదలుపెట్టింది ఆడపడుచు. బావ బల్ల కింద ఆమె కాలు తొక్కాడు. "అబ్బా!" అని ఊరుకుంది.

"కట్ట నాది పిన్నీ," అన్నాడు బావ. "కొత్త ముక్కలు నేనే ఎక్కించాను. తొడుగులు చూసుకోలేదు. తప్పు నాదే."

"నువ్వా? నువ్వు చూసుకోకపోవడమేంటయ్యా?" పిన్ని గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది.

"మరి ఆవిడ మూతి..." అన్నాడు మాస్టారు.

"ఆవిణ్ణి అనకండి మాస్టారూ. ఏమన్నా నన్నే అనండి."

ఇప్పుడు, ఈ క్షణంలో తను లేచి నిలబడి చెప్పాలి. గువ్వకి ఆ సంగతి స్పష్టంగా తెలుసు. 'ఎక్కించింది నేను. పిన్ని చెప్పినా వినలేదు. రెండో ఆటలోనే చూశాను, దాచాను.' మాటలన్నీ వరసలో ఉన్నాయి. ఒక్కటీ బయటికి రాలేదు. అందరి చూపులూ బావ మీదున్నాయి, తన మీద లేవు. ఆ కాస్త చాటు ఎంత హాయిగా అనిపించిందో తలుచుకుంటే తర్వాత ఆమెకి ఒళ్ళు జలదరించింది.

"ఆట మాస్టారిది," అంది పిన్ని. "వచ్చే ఆదివారం రాకయ్యా. నలుగురితో మాట్లాడి చెప్తాను."

బావ తలూపాడు. ముక్కలు డబ్బాలో సర్దుకున్నాడు. ఎప్పుడూ ఓడిపోయి నవ్వుతూ ఆ గది దాటే మనిషి, ఆ రోజు మొదటిసారి తల వంచుకుని దాటాడు.

ఇంటికి నడిచే దారిలో ఆడపడుచు కాసేపు కుంటినట్టు నటించింది. ఎవరూ పట్టించుకోలేదు.

"అయినా అన్నయ్యా, నువ్వు ఎక్కించడమేంటి, కట్ట ముట్టుకుంది మేమైతే..."

"నువ్వు ఊరుకోవే."

"ఊరుకున్నాను కనకే ఇంత దూరం వచ్చింది," అని ఆమె ముందుకు నడిచి వెళ్ళిపోయింది. ఆ మాట అన్నకి తగిలిందో లేదో గానీ గువ్వకి సూటిగా తగిలింది. బేకరీ అద్దంలో తన మొహం కనిపిస్తే పక్కకి తిరిగింది. ఆ మొహానికి తననే చూసుకునే ధైర్యం లేకపోయింది.

ఇంట్లో ఇంకా బాగా వెలుగుంది. బావ సింకు దగ్గర నిలబడి, కడిగిన కప్పులే మళ్ళీ కడుగుతున్నాడు. గువ్వ వంటింటి గుమ్మంలో ఆగింది.

"బావా, నేను చూశాను."

"ఏంటి?"

"తొడుగులు. రెండో ఆటలోనే చూశాను. కిటికీ తీసినప్పుడు మెరిశాయి. చెప్పలేదు."

కుళాయి ఆగింది. అతను ఇటు తిరగలేదు. "ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు గెలుస్తున్నావు."

"అంతేనా?"

గువ్వ తలుపు చెక్క మీద గోటితో గీసింది. "అంతే కాదు. నేనెక్కించిన కప్పలతో గెలుస్తున్నావు. అందుకని. పిన్ని మొత్తం కట్టకి తీసుకోమంది. నా కన్ను తప్పదని గొప్పలు పోయాను. ఆఖరికి అక్కడ అందరూ నిన్ను అలా చూస్తుంటే నోట్లో నాలుక లేనట్టు కూర్చున్నాను."

"నేనే నిన్ను మాట్లాడనివ్వలేదు."

"నువ్వు తొక్కింది నీ చెల్లెలి కాలు, నాది కాదు. నిజంగా చెప్పాలనుకుంటే అరిచి చెప్పేదాన్ని. చెప్పాలనిపించలేదు బావా. తప్పించుకున్నాననిపించింది." ఏడుపు వచ్చేసింది. చేతిరుమాలు కోసం వెతికి, అదే రుమాలని గుర్తొచ్చి, చేత్తోనే తుడుచుకుంది. "నేను వెళ్ళి చెప్తాను. నీ తప్పేమీ లేదని అందరి ముందూ చెప్తాను."

"అలా చెప్పకు."

"ఎందుకు?"

"ఉంది కాబట్టి."

బావ చేతులు తుడుచుకుని, ఇటు తిరిగి, సింకుకి ఆనుకుని నిలబడ్డాడు. అతని చెవులు ఎర్రగా ఉన్నాయి.

"మొదటిసారి ఊరికే చూశాను నీ వైపు. నవ్వుతున్నావు. ఏదో ఊపొచ్చి గెంతాను, తగిలింది. రెండోసారీ అంతే. మూడోసారి నీ మొహం చూశాకే గెంతాను. తర్వాత ఇక కార్డుల కంటే నిన్నే ఎక్కువ చూశాను."

"ఆఖరాటలో రుమాలు అడ్డం పెట్టుకున్నాగా!"

"అదే మరి. రుమాలు పైకి జరిగిందంటే కప్ప. నవ్వు కంటే అదే ఇంకా తేలిక."

గువ్వకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ కలిసి ఎక్కిళ్ళలా వచ్చాయి.

"తొడుగుల సంగతి నాకు తెలీదు, ఒట్టు," అన్నాడు బావ. "నీకెలా తెలుస్తోందో నన్ను నేను అడుక్కోలేదు. అడిగితే జవాబు వచ్చేస్తుందని అడగలేదు. మాస్టారు చెయ్యి పెట్టినప్పుడు నాకు కోపం రాలేదు, చూశావా? కోపం రావాలిగా, ఏ తప్పూ చేయనివాడికి? రాలేదు. నేను నిన్ను కాపాడానని అక్కడ అందరూ అనుకుని ఉంటారు. నువ్వూ అనుకున్నావు. నేను సగం నిజం చెప్పి లేచొచ్చేశాను. తొడుగులు చూసుకోలేదని చిన్న తప్పు ఒప్పుకుని, పెద్దది దాచుకున్నాను. ఆ కాగితం ఇంకా ఆ గోడ మీదే ఉంది, గువ్వా. పిన్ని చింపెయ్యలేదు. చింపేసినా కాస్త తేలిగ్గా ఉండేది."

పక్కింట్లో ఎవరో కుర్చీ జరిపారు. గువ్వ వెళ్ళి అతని పక్కనే సింకుకి ఆనుకుంది. భుజాలు తగిలాయి. పెళ్ళయ్యాక ఒకరి ముందు ఒకరు సిగ్గుపడటం చాలా రకాలుగా జరిగింది గానీ, ఈ రకం ఇదే మొదటిసారి. చిత్రంగా, మిగతావాటికంటే ఇదే వాళ్ళని ఎక్కువ దగ్గర చేసినట్టనిపించి, అలా అనిపించినందుకు గువ్వకి ఇంకాస్త సిగ్గేసింది.

"నిజం చెప్తే మళ్ళీ రానివ్వరేమో," అంది.

"రానివ్వకపోవచ్చు."

"మాస్టారు నాకు కారు నేర్పనంటాడేమో."

"నేర్పుతాడు. దారంతా దెప్పుతాడు."

హాల్లోంచి ఆడపడుచు గొంతు వినిపించింది. "అన్నీ వినబడుతున్నాయి! నేను కూడా వస్తాను. నా కాలి సంగతి నేనూ నలుగురిలో చెప్పుకోవాలి."

"నువ్వు ఇంట్లో ఉండవే," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

గువ్వ ఫోను తీసి, రేపు సాయంత్రం వచ్చి జరిగిందంతా చెప్తామని, మాస్టార్ని కూడా పిలవమని పిన్నికి మెసేజ్ రాసింది. రాసినదాన్ని బావకి చూపించింది. అతను చదివి, "అందరినీ అని పెట్టు. మాస్టార్ని మాత్రమే కాదు" అన్నాడు. ఆమె దిద్ది పంపించింది. వెంటనే పిన్ని నుంచి "సరే" అని ఒక్క ముక్క వచ్చింది. అందులో కోపముందో జాలి ఉందో ఎంత చూసినా తేలలేదు.

"ముందు నేను మొదలుపెడతాను," అన్నాడు బావ.

"వద్దు. నువ్వు మొదలుపెడితే మళ్ళీ మొత్తం నీ నెత్తినే వేసుకుంటావు, నాకు చెప్పడానికి ఏమీ మిగలదు. ముందు నేను. కార్డులు ఎక్కించిన దగ్గర్నుంచి రుమాలు దాకా నాది. రుమాలు దగ్గర్నుంచి నీది." గువ్వ ముక్కు చీదుకుని, నిటారుగా నిలబడింది. "రేపు సాయంత్రం లిఫ్టులు ఎక్కడివక్కడ వదిలేసి తిన్నగా పిన్ని షాపుకి వచ్చెయ్. నేను పని దిగి అటే వస్తాను. నువ్వు ముందొచ్చినా లోపలికి వెళ్ళకు, గుమ్మం బయటే నిలబడు. ఇద్దరం కలిసే వెళ్దాం."